దుమ్ము మిషన్‌కి సాంబ్రాణి

దేముడికి మిషన్ అంటే భక్తి. ఇంట్లో గ్రైండరు స్విచ్చి వేసే ముందు కూడా చెప్పులు విడిచే మనిషి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బండి చక్రాలు చెక్కే లేతు మీద ఉద్యోగమంతా గడిపాడు. ఆ లేతుని ఏనాడూ 'అది' అనలేదు. 'ఆవిడ' అనేవాడు. ఆవిడకి ఇవాళ ఒంట్లో బాగులేదు, ఆవిడకి నూనె కావాలి, ఆవిడ పొద్దుట్నించి కోపంగా ఉంది. పెళ్ళయిన కొత్తలో నీలవేణి ఈ మాటలు విని, మొగుడికి పట్నంలో రెండో సంసారం ఉందనుకుని ఒక పూట అన్నం మానేసింది. విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపు గేట్లు తెరిచి కుటుంబాలని లోపలికి రానిస్తారు. ఆ రోజు దాకా ఆగి, తీసుకెళ్ళి చూపించాడు. బంతిపూల దండ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, సాంబ్రాణి పొగలో నిలబడ్డ లేతుని చూసి నీలవేణి, "ఓలమ్మా! ఈవిడేటి?" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది. నవ్వు ఎక్కువైందనుకున్నాడు దేముడు.

నీలవేణిది టెక్కలి పక్క పల్లె. మేనరికం కాదు, అయినా మొదటి రోజు నుంచీ 'మావా' అనే పిలిచింది. ఆమె మీద అతడికి ఒకే ఒక ఫిర్యాదు. సంబంధం తెచ్చిన పెద్దమ్మ, పిల్ల మంగళహారతి పాడితే వినాల్సిందే అని ఊదరగొట్టింది. తీరా కాపురానికి వచ్చాక ఆ పిల్ల ఒక్కనాడూ పాడలేదు. ప్రతి సాయంత్రం దేముడు దీపం పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి గంట కొట్టే వేళకి, సరిగ్గా అప్పుడే ఆమెకి పెరట్లో పని గుర్తొచ్చేది. ఆరిన బట్టలు తేవాలి, లేకపోతే మొక్కలకి నీళ్ళు పొయ్యాలి. "పెళ్ళిసూపుల్లో అబద్దం సెప్పి పిల్లనంటగట్టినారు," అని దేముడు చుట్టాలందరి దగ్గరా ఎగతాళి చేసేవాడు. నీలవేణి నవ్వి ఊరుకునేది.

రిటైరయ్యాక అతడికి ఏమీ తోచలేదు. కూతురు మీనాకుమారి కూడా రైల్వేలోనే గుమాస్తా. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో ఆమెకిచ్చిన క్వార్టర్లో ముగ్గురూ ఉంటారు. కూతురు ఆఫీసుకి వెళ్ళగానే దేముడు నూనె డబ్బా పట్టుకుని మిషన్లు వెతుక్కుంటూ బయల్దేరేవాడు. ఇంట్లో ఫ్యాను, కుట్టు మిషన్ అయిపోయాక సందులో సైకిళ్ళ మీద పడ్డాడు. అడిగినా అడక్కపోయినా గొలుసుకి నూనె పెట్టేవాడు. ఆ సందులో తెల్ల పంచె కట్టుకుని సైకిలెక్కడానికి జనం భయపడేవాళ్ళు.

అలాంటి రోజుల్లో సందు చివర, రైల్వే గోడకి అవతల ఖాళీ స్థలంలో, పెళ్ళిళ్ళ హాలు ఒకటి మొదలైంది. కింద దుకాణాలు, పైన హాలు, ఆ పైన పెళ్ళివారికి గదులు. కాంట్రాక్టరు గిరిబాబు కూడా తెలుగువాడే. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి గోల్ బజార్‌లో దుకాణం పెట్టుకున్న కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. పని త్వరగా అయిపోవాలన్న ఆత్రం తప్ప అతడికి ఇంకో జబ్బు లేదు. కానీ ఆ ఒక్క జబ్బూ చుట్టుపక్కల వాళ్ళందరికీ అంటింది. పునాదులు తవ్విన మట్టి గుట్టలుగా పోసి వదిలేశాడు. ఇసక లారీలు పైన కప్పు లేకుండా వచ్చేవి. అనుమతి ఇచ్చేటప్పుడే పొల్యూషన్ ఆఫీసు షరతులు పెట్టింది. రేకులతో ఎత్తుగా ప్రహరీ కట్టాలి, ఆకుపచ్చ వల దించాలి, మట్టి మీద నీళ్ళు చల్లాలి, బయటికెళ్ళే లారీ చక్రాలు కడగాలి. ఆ షరతులన్నీ రాసిన బోర్డు గేటు పక్కనే ఉండేది. దాని మీద దుమ్ము పేరుకుని ఒక్క అక్షరం కనిపించేది కాదు.

ఆ చలికాలం సందంతా బూడిద రంగుకి తిరిగింది. మునగాకు కడిగితే గిన్నెలో సిమెంటు నీళ్ళు మిగిలేవి. ఇంటింటా దగ్గులే. అందరికంటే నీలవేణి ఎక్కువ దెబ్బతింది. ఆమెకి ముందునుంచీ కాస్త ఆయాసం ఉంది. ఈ దుమ్ముకి అది ముదిరి, నాలుగు మాటలు మాట్లాడాలంటే రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. రైల్వే ఆసుపత్రి డాక్టరు మందులిచ్చి, ఈ చలికాలం ఇక్కడ ఉండొద్దన్నాడు. ఊరికి కాస్త దూరంగా సాలువాలో ఆమె చెల్లెలు చంద్రావతి ఉంది. మరిది పోలీసు క్యాంపు క్యాంటీన్లో పని చేస్తాడు. ఇంటి చుట్టూ పొలాలు, మంచి గాలి. సంచీలో నాలుగు చీరలూ రెండు స్వెట్టర్లూ సర్దుకుని నీలవేణి అక్కడికి వెళ్ళిపోయింది.

దేముడికి ఇల్లు బావురుమంది. రోజూ పొద్దున్నే సైకిలుకి క్యారేజీ తగిలించుకుని సాలువా బయల్దేరేవాడు. ఆ వయసులో పెళ్ళాన్ని చూడ్డానికి రోజూ సైకిలు తొక్కే మనిషిని సందులో వాళ్ళు ఊరికే వదులుతారా? "ఏటి దేముడా, కొత్తగా పెళ్ళయినాదా?" అని అరుగుల మీంచి అడిగేవాళ్ళు. "అవును, పాత పిల్లతోనే!" అని గంట కొట్టుకుంటూ పోయేవాడు. నవ్వేవాడే గానీ, సాయంత్రం తిరిగొచ్చి ఒక్కడూ దీపం పెట్టేటప్పుడు గంట తీసి మళ్ళీ కింద పెట్టేసేవాడు. పెరట్లో బట్టలు తీసే చప్పుడు లేకుండా ఆ గంట కొట్టడం అతడికి చేతకాలేదు.

చివరికి సందు వాళ్ళంతా కలిసి పొల్యూషన్ ఆఫీసుకి మొర పెట్టుకున్నారు. డయానా మేడమ్ వచ్చింది. ఆవిడా రైల్వే పిల్లే. తాత ఇంజిన్ డ్రైవరు. ఈ కాలనీల్లోనే ఆడుకుని పెరిగింది కాబట్టి మన తెలుగు బాగానే అర్థమవుతుంది, వచ్చీరానట్టు మాట్లాడుతుంది కూడా. ఆవిడ మునగాకు మీద వేలితో గీత గీసి, ఆ వేలిని గిరిబాబు ముఖం ముందు పెట్టింది. వారం తిరక్కుండా రేకులు లేచాయి, వలలు దిగాయి, నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వాటితో పాటు గేటు పక్కన స్తంభం మీదికి ఒక మిషన్ ఎక్కింది.

చిన్న పెట్టె. పైన గొట్టం, దానికో టోపీ. గొట్టం గాలిని లోపలికి పీలుస్తుంది, గాలిలో ఎంత దుమ్ముందో పెట్టె లెక్క కడుతుంది, ఆ అంకె కింద బోర్డు మీద ఎర్రగా వెలుగుతుంది. అదే అంకె ఆఫీసులో డయానా మేడమ్‌కీ కనిపిస్తుంది. నూరు దాటితే నీళ్ళు కొట్టాలి. దాటి అక్కడే ఉండిపోతే పని ఆపాలి, అనుమతి సంగతి ఆఫీసు మళ్ళీ ఆలోచిస్తుంది.

దీన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి కావాలి. గిరిబాబు తెలివిగా ఆలోచించాడు. గట్టిగా మొర పెట్టుకున్న ఇంటి మనిషికే ఆ పని ఇస్తే ఇక నోరెత్తరు కదా అని దేముడిని పిలిచాడు. పాపం, అతడికి దేముడి సంగతి తెలియదు.

దేముడు మొదటి రోజే స్తంభం కింద చెప్పులు విడిచాడు. పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నగా, ఆగకుండా, గాలి పీల్చే చప్పుడు. "ఊపిరి తీస్తన్నాది," అన్నాడు మెల్లగా. ఆ క్షణం నుంచి అదీ 'ఆవిడ' అయిపోయింది. ఆవిడని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. అంకె ఎనభైకి చేరేసరికే ట్యాంకరు నడిపే తీతుని కేకేసేవాడు. తీతు బెంగాలీ కుర్రవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, నీడ దొరికితే కునుకు తీస్తాడు. దేముడిని తాతని చేసి 'దాదూ' అని పిలుస్తాడు. "దాదూ, ఇంకా నూరు కాలేదు గదా!" అని గొణిగేవాడు. "నూరయ్యాక ఏటి సేస్తావు? దగ్గొచ్చినాక మందేసుకోడమే గదా అది. పానీ కొట్టు!" అనేవాడు దేముడు. చక్రాలు కడుక్కోని లారీ గేటు దాటాలంటే అతడి మీంచి పోవాల్సిందే. నోరు మూయించడానికి పెట్టుకున్న మనిషి నోరు పొద్దస్తమానం మోగుతుంటే గిరిబాబు తల పట్టుకున్నాడు. అయినా అంకె కిందే ఉంటోంది, పని ఆగడం లేదు. చేసేది లేక సర్దుకున్నాడు.

హోలీ నాటికి నీలవేణి సంచీతో సహా ఇంటికొచ్చేసింది. వాళ్ళ వరండాలోంచి చూస్తే రేకుల మీదుగా స్తంభం కనిపిస్తుంది గానీ అంకె ఆమె కళ్ళకి ఆనదు. అందుకని పొద్దున్నే గోడ దగ్గరికొచ్చి కేకేసేది.

"మావా! ఇయాల నంబరేటి?"

"యాబై!"

"అయితే వడియాలెట్టుకుంటాను!"

ఇంకో రోజు, "తొంబైకొచ్చినాదే, లోపలుండు," అనేవాడు. ఆమె తలుపేసుకునేది. తీతు నీళ్ళు కొట్టి అంకె దించాక, దేముడే వెళ్ళి తలుపు తట్టేవాడు. ఎండాకాలమంతా ఇదే వరస. ఆ ఎర్ర అంకె వాళ్ళిద్దరి మధ్యా నడిచే కబురైంది. ఆమె ఊపిరి తన చేతిలో ఉందన్నంత గర్వంగా తిరిగేవాడు దేముడు. ఉన్నమాట చెప్పాలంటే అది నిజమే.

ఇలా ఉండగా విశ్వకర్మ పూజ వచ్చింది.

ఆ రోజున ఖరగ్‌పూర్‌లో ఇనుము అన్నదల్లా దేవుడే. పైన ఆకాశం నిండా గాలిపటాలు, కింద ప్రతి రిక్షాకీ బొట్టు. సైటులో పనికి సెలవు. కాంక్రీటు కలిపే మిషన్‌కి దండలు వేశారు. మిగతా వాళ్ళు ఎవరి మిషన్ వాళ్ళు చూసుకుంటుంటే దేముడు తన మిషన్‌ని వదిలేస్తాడా? రిటైరయ్యాక చేతికి పూజ లేక రెండేళ్ళు మొహం వాచి ఉన్నాడేమో, ఇస్త్రీ చేసిన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే దిగాడు. పెట్టెని గుడ్డతో తుడిచి నాలుగు పక్కలా పసుపు రాశాడు. దేవతకి నుదురెక్కడ అని కాసేపు ఆలోచించి, పైన గొట్టం టోపీయే నుదురని తేల్చి, అక్కడ పసుపు కుంకుమలు దట్టంగా మెత్తాడు. లావుపాటి బంతిపూల దండ టోపీకి తగిలిస్తే అది జారి అంకెల బోర్డు మీద పరదాలా వాలింది. అది ఇంకా అందంగా ఉందనుకున్నాడు. తర్వాత స్టూలు తెచ్చి గొట్టం కింద వేసి, దాని మీద ధునుచి పెట్టాడు. బెంగాలీలు ధూపం వేసే పెద్ద మట్టి పాత్ర అది. అందులో కొబ్బరి పీచు రాజేసి గుప్పెడు సాంబ్రాణి చల్లాడు. పొగ తిన్నగా గొట్టంలోకి వెళ్ళేట్టు స్టూలు రెండుసార్లు జరిపాడు కూడా.

"సూడు తీతూ, దూపం అమ్మోరి ముక్కుకి తగలాల. పక్కకి పోతే ఏటి లాభం?"

"ఠీక్ హై దాదూ," అని తీతు ఇంకాస్త పీచు వేశాడు.

వచ్చిన వాళ్ళందరూ ఆ పూజ చూసి ముచ్చటపడ్డారు. గిరిబాబు వచ్చి చేతులు జోడించి ఫొటో తీసుకున్నాడు. కొబ్బరికాయలు పగిలాయి, ఖిచుడీ వడ్డించారు, పొగ ఆరిపోయినప్పుడల్లా దేముడు మళ్ళీ సాంబ్రాణి చల్లాడు. వర్క్‌షాపు వదిలాక అంత సంతోషంగా గడిచిన రోజు లేదతడికి. ఇంటికొచ్చి నీలవేణికి ప్రసాదం పెడితే, "బాగా జరిగినాదేటి?" అని అడిగింది. ఆమె గొంతు కాస్త బొంగురుపోయి ఉంది. సంబరంలో అతడది గమనించలేదు.

మర్నాడు పని మొదలవుతుండగా ఆఫీసు నుంచి గిరిబాబుకి ఫోనొచ్చింది. పని ఆపండి, మేడమ్ రేపు వచ్చి చూసేదాకా ఒక్క తట్ట మట్టి కదపకూడదు అన్నారు. మీ దగ్గర అంకె నిన్న పొద్దుట్నించి దిగలేదు, ఇంత ఎక్కువ ఈ జిల్లాలో ఎక్కడా లేదు అన్నారు. గిరిబాబు ఒంటికాలి మీద లేచాడు. దేముడు పరుగెత్తుకెళ్ళి బంతిపూల దండ పక్కకి లాగాడు. వెనకాల అయిదు వందలు దాటిన అంకె ఎర్రగా వెలుగుతోంది. గొట్టం అంచున మసి పట్టి ఉంది. టోపీ మీద మెత్తిన పసుపూ కుంకుమా ఎండి, రాలి, సగం లోపలికి పోయాయి. చెవి ఆనించాడు. గాలి పీల్చే చప్పుడు తెగి తెగి వస్తోంది. ఆ చప్పుడు అతడికి తెలుసు. కిందటి చలికాలం రోజూ తన మంచం పక్కనుంచి విన్నాడు.

"నా సేతులతో నానే ఊపిరాడకుండా సేసినాను," అన్నాడు. ఉద్యోగమంతా ఒక్క మిషన్ కూడా అతడి చేతిలో చెడలేదు. తల కొట్టేసినట్టయింది.

గిరిబాబు కాసేపు అరిచి, చల్లబడి, ఏదో ఆలోచించాడు. ముఖం విప్పారింది. దేముడిని పక్కకి తీసుకెళ్ళాడు.

"దేముడు గారూ, జరిగింది ఒకందుకు మంచిదే. రేపు మేడమ్ వస్తే మీరేం మాట్లాడకండి, నేను చెప్తాను. వానాకాలం, నేలంతా బురద, పైగా సెలవు. అయినా అంకె ఆకాశానికెక్కిందంటే ఏంటి? మిషన్ పిచ్చిదని. ఇన్నాళ్ళూ చెప్పిన అంకెలు కూడా పిచ్చివేనని. తీసుకుపొమ్మంటాను."

"మరి కొత్తది ఎడతారు గదా బాబూ?"

"కొత్తది వచ్చేసరికి హాల్లో పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. గేటు దగ్గర హాయిగా కూర్చోండి. పొగ మాట మాత్రం ఎత్తకండి. ఎత్తితే మిషన్ పాడుచేసిన మనిషిని నేను ఉంచుకోలేను, మీకే నామర్దా."

దేముడు తలాడించాడు. ఆడించాడని చెప్పడానికి నాకూ బాధగానే ఉంది, కానీ ఆడించాడు. సందులో ఎవరికీ తెలియకుండా పోతుంది, మిషన్లు చెడగొట్టేవాడన్న మాట రాదు. అంతవరకే ఆలోచించాడు.

ఇంటికి వెళ్ళేసరికి నీలవేణి స్టూలెక్కి బీరువా మీంచి సంచీ దించుతోంది. సాలువా సంచీ.

"ఎందుకే అది?"

"ఉత్తినే. ఎండకేస్తాను. మిషన్ తీసుకెల్లిపోతారట గదా, తీతు ఇనొచ్చి సెప్పినాడు. కాలీపూజ ఎల్లగానే సలి దిగిపోద్ది." స్వెట్టర్లు తీసి దులిపింది. "సంద్రావతికి ఓ మాట సెప్పుంచితే మంచిది. ఈసారి నువ్వు రోజూ రాకు మావా. మోకాళ్ళు నొప్పంటన్నావు. వారానికోపాలి రా, సాలు."

అందులో నిష్ఠూరం లేదు. కూరగాయలేం తేవాలో చెప్పినట్టు చెప్పింది. స్వెట్టర్లు తాడు మీద ఆరేసి వంటింట్లోకి వెళ్ళింది. దేముడు పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. బట్టల తాడు మీద రెండు స్వెట్టర్లు వేలాడుతున్నాయి. వాటిని చూడలేకపోయాడు.

మర్నాడు డయానా మేడమ్, మిషన్లు బాగుచేసే ఒక మనిషీ వచ్చారు. సందులో సగం మంది గేటు దగ్గరే ఉన్నారు. గిరిబాబు వానాకాలం నుంచి మొదలుపెట్టి మిషన్ పిచ్చిదని తేల్చేదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ వింది. పైకి చూసి, "అయితే తీసేద్దామా?" అంది.

"మేడమ్!" అన్నాడు దేముడు. పిలిచాక భయమేసింది. అయినా స్తంభం కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. "ఆవిడకేటీ అవలేదు మేడమ్. ఆవిడ మంచిదే. నానే పూజ సేసినాను. ముక్కుకాడ దూపం ఏసినాను. పొద్దల్లా ఏసినాను. బొట్టు కూడా ఆ గొట్టానికే ఎట్టినాను. తప్పు నాది. ఆవిడని తీసుకెల్లకండి."

గిరిబాబు నవ్వేశాడు. "మేడమ్, రెండు ఊదొత్తులు వెలిగించాడు, అంతే! రెండు ఊదొత్తులకి అంత అంకె వస్తుందా? ముసలాయనకి ఆ పెట్టె అంటే పిచ్చి ప్రేమ. దాన్ని కాపాడ్డానికి నేరం నెత్తినేసుకుంటున్నాడు."

"రెండు ఊదొత్తులు కాదమ్మా."

అందరూ తిరిగి చూశారు. నీలవేణి గేటు దాటి లోపలికొచ్చింది. నాలుగడుగులకే ఆగి ఊపిరి తీసుకుంది.

"ధునుచీ నిండా ఏసినాడు. నాకు తెల్దేటి? ఇంటిదాకా వచ్చినాది పొగ. పాలబ్బాయి గంట కొట్టిన కాడ్నించి మొదలైనాది. కిటికీలు మూసుకున్నాను, ఆగలేదు. దగ్గు ఇనబడకుండా నీళ్ళగదిలోకెల్లి కొళాయి ఇప్పుకుని కూసున్నాను. మీ మిషన్ అబద్దం సెప్పలేదు తల్లీ. దానికెలా అయినాదో నాకూ అలాగే అయినాది."

డయానా మేడమ్ ఫోను తీసి చూసుకుంది. పాలు వచ్చే వేళేదో అడిగింది. అంకె లేవడం మొదలైంది సరిగ్గా ఆ వేళకే.

దేముడు పెళ్ళాం దగ్గరికి నడిచాడు. "నాకు సెప్పలేదేటే?"

"ఎలా సెప్తాను? రెండేల్లుగా పూజ లేదని మొగం మాడ్సుకుని తిరిగినావు. ఆ పొద్దున నీ మొగం ఎంత కళగా ఉన్నాదో నీకేటి తెలుసు?"

"మరి ఇంటికాడ రోజూ..." అతడు ఇంటి వైపు చూశాడు.

"ఇంటికాడా అంతే. మొదట్నించీ అంతే." నీలవేణి తలదించుకుంది. "పొద్దల్లా ఇనుంతో కుస్తీపట్టి ఇంటికొచ్చి, ఆ ఒక్క పనీ సంతోసంగా సేస్తావు. ఆపమని ఎలా సెప్పను మావా? పెరట్లోకెల్తే సరిపోయేది గదా."

అన్నేళ్ళ సాయంత్రాలు, ఆరిన బట్టలు, నీళ్ళు పోసిన మొక్కలు, అన్నీ ఒక్కసారి దేముడి మీద కూలాయి. సందంతా చూస్తుండగా చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. చూసేవాళ్ళకీ కళ్ళు చెమర్చాయి.

తీతు నెమ్మదిగా ముందుకొచ్చి తన ఫోను మేడమ్‌కి ఇచ్చాడు. విశ్వకర్మ పూజ శుభాకాంక్షలు చెబుతూ గిరిబాబే అందరికీ పంపిన ఫొటో. చేతులు జోడించిన గిరిబాబు బాగా వచ్చాడు. వెనకాల పొగలో మిషన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. "రెండు ఊదొత్తులేనా?" అని డయానా మేడమ్ అడిగితే గిరిబాబు గాలిపటాల కోసం ఆకాశంలోకి చూశాడు. అవన్నీ మొన్ననే దిగిపోయాయి.

బాగుచేసే మనిషి గొట్టం విప్పితే చారెడు పసుపు రాలింది. తుడిచి, లోపలి జల్లెడ మార్చి, మళ్ళీ బిగించాడు. అంకె మెల్లగా దిగింది. యాభై దగ్గర నిలబడింది. "పొగనీ దుమ్ముగానే లెక్కపెడుతుంది దాదూ," అంది డయానా మేడమ్ తెలుగులోనే. "మన ఊపిరితిత్తులూ అంతే." మిషన్ ఇక్కడే ఉంటుందని, చూసుకునే మనిషి కూడా ఇతడే ఉండాలని గిరిబాబుకి చెప్పి, షరతుల బోర్డు మీద ఒకటి కలపమంది. 'మిషన్ దగ్గర ధూపం వేయరాదు' అని బెంగాలీలో, హిందీలో, తెలుగులో. తెలుగు మటుకు దేముడే రాశాడు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. దాని మీద దుమ్ము మాత్రం పడనివ్వడు.

ఆ సాయంత్రం ఇంట్లో దేముడు దీపం పెట్టాడు. అలవాటుగా చెయ్యి సాంబ్రాణి డబ్బా కోసం వెళ్ళింది. అది అక్కడ లేదు, మధ్యాహ్నమే తీతుకి ఇచ్చేశాడు. అలవాటుగానే నీలవేణి లేచి పెరటి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"బట్టలు తేవాల."

"బట్టలు నాను తెచ్చేసినాను. సొట్టర్లు కూడా తెచ్చి బీరువాలో ఎట్టేసినాను. రా, కూసో."

ఆమె వెనక్కొచ్చింది. నిప్పుల పాత్ర కడిగి బోర్లించి ఉంది. పటాల ముందు దీపం ఒక్కటే నిటారుగా వెలుగుతోంది. నీలవేణి కొంగు సర్దుకుని పీట మీద కూర్చుంది. పటాలన్నిటినీ పరీక్షగా చూసి, "ఈ ఎనకాల ఇంత మసేటి మావా, ఎప్పుడూ తుడవలేదేటి?" అంది. దేముడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. హారతి వెలిగించి గంట అందుకున్నాడు.

గంట రెండుసార్లు మోగాక పక్కనుంచి సన్నగా పాట వినిపించింది. మొదట భయం భయంగా, తర్వాత కాస్త తెరిపిగా. టెక్కలి పల్లెలో నేర్చుకున్న మంగళహారతి. మధ్యలో ఊపిరి చాలక ఒకచోట ఆగింది. దేముడూ గంట ఆపాడు. ఆమె ఊపిరి తీసుకుని, ఆగిన చోటునుంచే అందుకుంది. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మీనాకుమారి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. పాట అయిపోయేదాకా దేముడు హారతి పళ్ళెం దించలేదు.